మార్కు, పర్సెంటైలు, ర్యాంకు: ఇంజనీరింగు ప్రవేశ పరీక్షల ఫలితములను చదువుకొను విధము

వేసవి వచ్చినదనగా మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో రెండు పంటల ఫలితములు ఇంచుమించు ఒకే కాలమున తేలును. ఒకటి టమోటా పంట. రెండవది ఇంటర్మీడియట్ ముగించిన మన పిల్లల చదువుల పంట. మొదటిదాని లెక్కను మన రైతులు చక్కగా ఎరుగుదురు. పెట్టెలోని కాయ తూకము ఎంతయో ఒక సంగతి, ఆనాటి మండీలో దాని ధర ఎంతయో మరియొక సంగతి అని వారికి ఎవరును చెప్పనక్కరలేదు. సరకు ఎక్కువగా వచ్చిన దినమున మంచి కాయయు చవుకగా పోవును. తక్కువగా వచ్చిన దినమున నడిమి రకమునకును గిరాకి యుండును. కాని రెండవ పంట ఫలితము చేతికి వచ్చినప్పుడు ఆ రైతులే, వారి పిల్లలే, ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయులమైన మనమే తికమక పడుచున్నాము.

ఈ తికమక వలన కలుగు నష్టము చిన్నది కాదు. "మా అబ్బాయికి 88 వచ్చినది" అని విని, నూటికి 88 మార్కులని భావించి, దేశములోని పెద్ద విద్యాసంస్థలలో సీటు తప్పదని నమ్మి, రాష్ట్ర కౌన్సెలింగును పట్టించుకొనని కుటుంబములు కలవు. "ర్యాంకు యాబై వేలు" అను మాట విని సిగ్గుపడి, ఆప్షన్లు సైతము పెట్టక, డిగ్రీలో చేరిపోయిన బాలికలు కలరు. ఒక సంఖ్యను తప్పుగా చదివినందుకు నాలుగేండ్ల చదువు దారి మారిపోవుట విచారకరము. మేము గణితశాస్త్రము బోధించువారము కాము, తెలుగు బోధించువారము. అయినను ఈ విషయమై వ్రాయుటకు పూనుకొనుటకు కారణము, ఇందలి చిక్కు గణితములో కంటె మాటలలోనే ఎక్కువగా నుండుటయే. కూడిక, తీసివేత, భాగహారము తెలిసిన వారందరును ఈ వ్యాసమును అనుసరింపవచ్చును.

1. మూడు మాటలు, మూడు ప్రశ్నలు

మార్కు, పర్సెంటైలు, ర్యాంకు అను మూడును మూడు వేరువేరు ప్రశ్నలకు సమాధానములు.

"నేను ఎంత వ్రాసితిని?" అను ప్రశ్నకు సమాధానము మార్కు. మన ఇండ్లలో ఉర్దూ మాట్లాడునపుడు దీనినే "నంబర్లు" అందురు. మార్కును నూటికి లెక్కగట్టినచో శాతము వచ్చును. ఉర్దూలోని "ఫీ సద్" అను మాటకును అర్థము నూటికి అనియే. శాతము చెప్పుటకు ప్రక్కవాని మార్కులతో పనిలేదు. ఒక్కడే పరీక్ష వ్రాసినను అతనికి శాతము ఉండును.

"నాకంటె ముందు ఎందరున్నారు?" అను ప్రశ్నకు సమాధానము ర్యాంకు. ఇది వరుసలోని స్థానము. వరుస లేనిదే ర్యాంకు లేదు. ముప్పది మంది తరగతిలో పదియవ స్థానము, మూడు లక్షల మందిలో పదియవ స్థానము ఒకటి కావు.

"నూరుమందిలో ఎందరు నాతో సమానముగనో, నా వెనుకనో ఉన్నారు?" అను ప్రశ్నకు సమాధానము పర్సెంటైలు. మన సంఖ్యాశాస్త్ర గ్రంథములు దీనిని శతాంశకము అని వ్యవహరించుచున్నవి. 88 పర్సెంటైలు అనగా 88 మార్కులు కావు. పరీక్ష వ్రాసిన ప్రతి నూరుమందిలో 88 మంది ఆ విద్యార్థితో సమానముగనో తక్కువగనో తెచ్చుకొనిరి, పండ్రెండుగురు అతనికంటె ముందున్నారు అని మాత్రమే దాని అర్థము. పరీక్ష కఠినమైనచో సగము మార్కులు తెచ్చుకొన్నవానికి 95 పర్సెంటైలు రావచ్చును. సులభమైనచో ముప్పాతిక మార్కులు తెచ్చుకొన్నవానికి 60 పర్సెంటైలే రావచ్చును.

ఈ శతాంశకమను భావనను 1880 దశకములో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ ప్రచారములోనికి తెచ్చెను. మనుష్యుల ఎత్తు, బలము మున్నగువానిని వరుసలో నిలిపి పోల్చుటకు అతడు దీనిని వాడెను. సంఖ్యాశాస్త్రము తెలుగువారికి పరాయిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి.ఆర్. రావుగారు ఆ శాస్త్రములో ప్రపంచ ప్రసిద్ధులై, 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి నందుకొనిరి.

2. జె.ఇ.ఇ. మెయిన్: పూటకొక ప్రశ్నపత్రము

దేశమంతటికి వర్తించు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2019 నుండి జాతీయ పరీక్షల సంస్థ నిర్వహించుచున్నది. అప్పటినుండియే పర్సెంటైలు పద్ధతి వచ్చినది. ఏటా రెండు విడతలు జరుగుచున్నవి. ఒక్కొక్క విడతలో పలు దినములు, దినమునకు రెండు పూటలు. ప్రతి పూటకు ప్రశ్నపత్రము వేరు. మొత్తము 300 మార్కులు. సరియైన సమాధానమునకు 4 మార్కులు చేరును, తప్పునకు 1 మార్కు పోవును. 2021 నుండి ఈ పరీక్షను పదమూడు భాషలలో వ్రాయు వీలు కల్పించిరి. అందులో తెలుగు, ఉర్దూ రెండును ఉన్నవి. మన కళాశాల విద్యార్థులు ఈ సంగతిని విశేషముగా గుర్తుంచుకొనవలెను. దరఖాస్తు నింపునపుడే భాషను ఎన్నుకొనవలెను. పరీక్షనాడు అడిగిన ప్రయోజనము లేదు.

సోమవారము ఉదయపు పత్రము కఠినముగను, మంగళవారము సాయంకాలపు పత్రము సులభముగను ఉన్నచో ఉత్త మార్కులను పోల్చుట అన్యాయమగును. అందుచేత ఏ పూటవారిని ఆ పూటవారితోనే పోల్చుచున్నారు. లెక్క ఇది: ఆ పూట ఆ విద్యార్థితో సమానముగనో తక్కువగనో మార్కులు వచ్చినవారి సంఖ్యను, ఆ పూట పరీక్ష వ్రాసిన మొత్తము సంఖ్యతో భాగించి, నూరుతో హెచ్చించవలెను.

ఊహా సంఖ్యలతో ఒక ఉదాహరణము చూడుడు. ఒక పూట 1,20,000 మంది వ్రాసిరి. మన విద్యార్థినికి 110 మార్కులు వచ్చినవి. 110 గాని అంతకు తక్కువ గాని వచ్చినవారు, ఆమెతో కలిపి, 1,11,600 మంది. భాగించి నూరుతో హెచ్చించగా 93 వచ్చును. ఆమెది 93 పర్సెంటైలు. మరియొక కఠినమైన పూట 98 మార్కులు తెచ్చుకొన్న బాలునకును ఇదే 93 రావచ్చును. పండ్రెండు మార్కుల తేడా కనబడుచున్నను వరుసలో వారిరువురును సమానులే.

ఈ పద్ధతి ఒక నమ్మకముపై ఆధారపడియున్నది. ఏ పూటకు ఎవరు రావలెనో యాదృచ్ఛికముగా నిర్ణయింతురు కావున, ఒక్కొక్క పూటకు లక్షమంది వచ్చినపుడు, చురుకైనవారు, మధ్యస్థులు, వెనుకబడినవారు అన్ని పూటలలోను ఇంచుమించు ఒకే పాళ్లలో ఉందురనునదే ఆ నమ్మకము. నాలుగు లారీల సరకును బాగుగా కలిపి నాలుగు రాశులు పోసినచో ప్రతి రాశిలోను అన్ని రకముల కాయలును ఉన్నట్లు. సంఖ్య పెద్దదైన కొలది ఈ నమ్మకము బలపడును. కళాశాలలో నలుబది మందికి పెట్టు నమూనా పరీక్షలో పర్సెంటైలు కట్టి మురియుటయో, కుములుటయో తగదనుటకు కారణమిదే.

ఇక్కడ నాలుగు సంగతులు గమనింపవలెను.

మొదటిది: నూరు పర్సెంటైలు అనగా నూటికి నూరు మార్కులు కావు. ఆ పూటలో అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవానికి 100 వచ్చును, అతనికి 300కు 285 వచ్చినను సరే. అందుచేతనే 2024లో 56 మందికి 100 పర్సెంటైలు వచ్చినది.

రెండవది: పర్సెంటైలునకు ఏడు దశాంశ స్థానములు ఎందుకని విద్యార్థులు అడుగుచుందురు. 2024లో రెండు విడతలలోను కలిపి 14 లక్షలకు పైగా విద్యార్థులు ఈ పరీక్ష వ్రాసిరి. పదునాలుగు లక్షల మందిని నూరు భాగములు చేసినచో ఒక్కొక్క భాగములో 14,000 మంది ఉందురు. అనగా ఒక్క పర్సెంటైలు తేడా పదునాలుగు వేల ర్యాంకుల తేడా. దశాంశ స్థానములు లేనిచో ఆ పదునాలుగు వేల మందిని విడదీయుట అసాధ్యము.

మూడవది: పర్సెంటైలు నుండి ర్యాంకును ఉజ్జాయింపుగా తెలిసికొనవచ్చును. 100 నుండి మన పర్సెంటైలును తీసివేసి, మిగిలినదానిని మొత్తము అభ్యర్థుల సంఖ్యతో హెచ్చించి, నూరుతో భాగించవలెను. 14 లక్షల మందిలో 99 పర్సెంటైలు వానికి రమారమి 14,000వ ర్యాంకు. 93 వానికి 98,000. 90 వానికి 1,40,000. పైన చెప్పిన 88 పర్సెంటైలు బాలునకు 1,68,000. "నూటికి 88" అని విన్నప్పుడు కలిగిన భావమునకు, ఈ సంఖ్యకు ఎంత దూరమో చూడుడు.

నాలుగవది: గణిత, భౌతిక, రసాయన శాస్త్రములకు విడివిడిగా పర్సెంటైళ్లు ఇత్తురు. ఆ మూడింటిని కూడి మూడుతో భాగించినచో మొత్తపు పర్సెంటైలు రాదు. మొత్తపు మార్కులపై వేరుగా లెక్క కట్టుదురు. రెండు విడతలు వ్రాసినవారికి ఏది ఎక్కువో దానినే ర్యాంకునకు తీసికొందురు. కావున రెండవ విడత వ్రాయుటలో నష్టము లేదు.

జె.ఇ.ఇ. అడ్వాన్సుడు అను రెండవ మెట్టునకు మొదటి రెండున్నర లక్షల మందిని ఎంపిక చేయుదురు. 2024లో ఆ అర్హతకు సాధారణ వర్గమున కనీస పర్సెంటైలు 93.23, ఇతర వెనుకబడిన వర్గములవారికి 79.67. ఐ.ఐ.టి.లలో సీటు ఈ రెండవ మెట్టు ర్యాంకుతోనే వచ్చును. 2015లో తిరుపతిలో ప్రారంభమైన ఐ.ఐ.టి. మన వాకిటిలోనే ఉన్నది. కాని దాని తలుపునకు తాళపుచెవి ఈ వరుసలోనే ఉన్నది.

3. మన రాష్ట్రపు పరీక్ష

మన విద్యార్థులలో అధికసంఖ్యాకులకు అక్కరకు వచ్చునది రాష్ట్ర ప్రవేశ పరీక్ష. 1986లో ఎంసెట్ అను పేర మొదలై, రాష్ట్ర విభజన తరువాత 2015 నుండి విడిగా జరుగుచు, వైద్యవిద్య వేరుపడుటచే 2021 నుండి ఈఏపీసెట్ అను పేర సాగుచున్నది. ఇందులో మొత్తము 160 ప్రశ్నలు, 160 మార్కులు. గణితమునకు 80, భౌతికమునకు 40, రసాయనమునకు 40. తప్పు సమాధానమునకు మార్కు పోదు. ఒక్క ప్రశ్నను గూడ ఖాళీగా వదలి రావలసిన పని లేదని దీని అర్థము. జె.ఇ.ఇ. అలవాటుతో ఇక్కడ ప్రశ్నలు వదలుట అవివేకము. ఇక్కడి అలవాటుతో అక్కడ గ్రుడ్డిగా గుర్తులు పెట్టుట అంతకంటె అవివేకము.

ఈ పరీక్షయు పూటలవారీగనే జరుగును. అయితే ఇక్కడ పర్సెంటైలు కట్టక, మార్కులనే సవరింతురు. దీనిని సమానీకరణము అనవచ్చును. ఆ సూత్రమును సులభముగా చెప్పుటకు యత్నింతుము. ప్రతి పూటకు రెండు గుర్తులు తీసికొందురు. సగటు మార్కునకు ప్రామాణిక విచలనమును కలుపగా వచ్చునది ఒకటి. మార్కులు సగటునకు అటునిటు ఎంతగా చెదరియున్నవో తెలుపు సంఖ్యయే ప్రామాణిక విచలనము. రెండవ గుర్తు, ఆ పూట అగ్రభాగమున నిలిచిన 0.1 శాతము మంది సగటు మార్కు. ఇవే రెండు గుర్తులను అన్ని పూటల వారిని కలిపియు లెక్క కట్టుదురు. తరువాత పూట గుర్తులు మొత్తపు గుర్తులతో సరిపోవునట్లు మార్కులను సాగదీయుటయో, కుదించుటయో చేయుదురు.

ఊహా సంఖ్యలు: కఠినమైన ఒక పూట సగటు 45, విచలనము 20, మొదటి గుర్తు 65. అగ్రగాముల సగటు 140. అన్ని పూటలకు కలిపి సగటు 50, విచలనము 20; మొదటి గుర్తు 70. అగ్రగాముల సగటు 145. పూటలో గుర్తుల నడిమి దూరము 75, మొత్తములోను 75. కావున నిష్పత్తి 1. ఆ పూట 95 మార్కులు వచ్చినవాడు మొదటి గుర్తునకు 30 మార్కులు పైన నున్నాడు. మొత్తపు గుర్తు 70కి ఆ 30 చేర్చగా 100 అగును. కఠినమైన పత్రము వచ్చినందుకు అతనికి 5 మార్కులు కలిసినవి. సులభమైన పూటవారికి ఇదే విధముగా కొంత తగ్గవచ్చును. "నా మార్కులు ఎవరో కోసిరి" అని బాధపడువారు ఈ లెక్కను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

అర్హతకు 160లో నాలుగవ వంతు, అనగా 40 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులములు, తెగల వారికి ఈ కనీస నియమము లేదు. కాని ర్యాంకు ఈ మార్కులతోనే నిర్ణయము కాదు. ప్రవేశ పరీక్షకు 75 పాళ్లు, ఇంటర్మీడియట్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 పాళ్లు కలిపి ర్యాంకు కట్టుదురు. కరోనా కాలమున ఈ 25 పాళ్లను ఆపి, 2023లో మన రాష్ట్రమున మరల పెట్టిరి. తెలంగాణలో 2023 నుండి దీనిని తీసివేసిరి. కావున హైదరాబాదులోని బంధువుల పిల్లల లెక్క మనకు వర్తించదు.

ఈ 25 పాళ్ల బలమును చూడుడు. ఒక విద్యార్థినికి ప్రవేశ పరీక్షలో 160కి 72, ఇంటర్ గ్రూపులో 96 శాతము. 72 అనగా 45 శాతము. అందులో ముప్పాతిక 33.75. ఇంటర్ నుండి 24. మొత్తము 57.75. ఒక విద్యార్థికి ప్రవేశ పరీక్షలో 80, ఇంటర్ గ్రూపులో 80 శాతము. 80 అనగా 50 శాతము; ముప్పాతిక 37.50. ఇంటర్ నుండి 20. మొత్తము 57.50. ఎనిమిది మార్కులు తక్కువ వచ్చిన బాలికయే ముందు నిలిచినది. వరుస దట్టముగా నున్నచోట ఈ 0.25 తేడాలో వందలాది మంది ఇరుకుకొని యుందురు. ప్రవేశ పరీక్ష పేరు చెప్పి ఇంటర్ పాఠములను నిర్లక్ష్యము చేయువారికి ఈ లెక్క చాలును. రికార్డు వ్రాయుట, ప్రాక్టికల్సు శ్రద్ధగా చేయుట, జవాబును చక్కని వాక్యములలో పెట్టుట, ఇవన్నియు ర్యాంకులోనికే వచ్చి చేరును.

ఇక ర్యాంకు. 2024లో ఇంజనీరింగు విభాగమున రెండున్నర లక్షలకు పైగా విద్యార్థులు ఈ పరీక్ష వ్రాయగా, రమారమి 1,95,000 మంది అర్హులైరి. 2,58,000 మందిలో 50,000వ ర్యాంకు వచ్చిన బాలికకు ముందు నూటికి పందొమ్మిదిమంది మాత్రమే ఉన్నారు. తక్కిన ఎనుబది మంది ఆమె వెనుకనే ఉన్నారు. "యాబై వేలు" అను మాట విన్నప్పుడు తల వంచుకొన్న ఆ బిడ్డ, "ఎనుబది పర్సెంటైలు" అని విన్నచో తల ఎత్తి నిలుచుచుండెను. సంగతి ఒక్కటే, మాట వేరు.

4. కుప్పము కూడలి: మూడు రాష్ట్రములు, మూడు తూనికలు

కుప్పము మూడు రాష్ట్రములు కలియుచోటు. అక్కడి మన కుటుంబములకు వాణియంబాడి, కృష్ణగిరి, కోలారు బంగారు గనుల ప్రాంతములతో బంధుత్వములు, వ్యాపారములు కలవు. పిల్లలను అటు చదువులకు పంపుటయు కలదు. అయితే గడప దాటినంతనే తూనిక మారునని అందరు ఎరుగరు.

తమిళనాడు 2006లో చట్టము చేసి ఇంజనీరింగునకు రాష్ట్ర ప్రవేశ పరీక్షను తీసివేసినది. పండ్రెండవ తరగతి గణితమునకు 100, భౌతికమునకు 50, రసాయనమునకు 50, మొత్తము 200కు లెక్కగట్టి వరుస కట్టుదురు. కర్ణాటకములో పి.యు.సి. మార్కులకు సగము, ప్రవేశ పరీక్షకు సగము. మన రాష్ట్రమున నాలుగింట మూడు వంతులు ప్రవేశ పరీక్షకు. ఒకే బాలుడు ఒక రాష్ట్రమున ముందు, మరియొక రాష్ట్రమున వెనుక నిలుచుట సాధ్యమే. పుంగనూరు ఆవును ఎత్తును బట్టి వరుసలో నిలిపినచో చిట్టచివర నిలుచును. పాలలోని వెన్న పాలును బట్టి నిలిపినచో ముందునకు వచ్చును. ఆవు మారలేదు, కొలత మారినది. ర్యాంకు అనునది ఒక కొలత చెప్పిన మాట మాత్రమే. మనిషి మొత్తమును గూర్చిన తీర్పు కాదు.

సరిహద్దువారు ఇంకను జాగ్రత్తపడవలసినది స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి విశ్వవిద్యాలయ ప్రాంతములను బట్టి 85 శాతము సీట్లు స్థానికులకు కేటాయింపబడినవి. మన రాయలసీమ, నెల్లూరు ప్రాంతము శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనిది. అర్హత పరీక్షతో ముగియు వరుస నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివియుండుట స్థానికతకు ముఖ్యమైన ఆధారము. పదవ తరగతి తరువాత బెంగుళూరునకో, వాణియంబాడికో పంపునపుడు ఈ నియమమును ముందుగా విచారింపవలెను. ఎన్.ఐ.టి.లలోను సగము సీట్లు సొంత రాష్ట్రమువారికి ఉండును. ఆ సొంత రాష్ట్రమును పండ్రెండవ తరగతి ఎక్కడ ఉత్తీర్ణులైరో దానిని బట్టి నిర్ణయింతురు. కర్ణాటకములో పి.యు.సి. చదివిన కుప్పము బాలుడు ఎన్.ఐ.టి.లకు కర్ణాటక విద్యార్థి యగును; తాడేపల్లిగూడెములోని ఎన్.ఐ.టి.లో స్వరాష్ట్రపు వాటా అతనికి దొరకదు.

5. ఒక ర్యాంకు, పలు వరుసలు

రాష్ట్రమంతటికి ఒకే ర్యాంకు ఇచ్చినను సీట్లు పంచునపుడు పలు వరుసలు ఏర్పడును. స్థానికత ఒక వరుస, సామాజిక వర్గము ఒక వరుస. ప్రతి వర్గములోను బాలికలకు మూడవ వంతు సీట్లు ప్రత్యేకింపబడియున్నవి. 2007 నాటి చట్టముచే సామాజికముగను, విద్యావిషయకముగను వెనుకబడిన 14 ముస్లిము వర్గములకు బి.సి. ఇ క్రింద 4 శాతము రిజర్వేషను ఏర్పడినది. దూదేకులవారు అంతకు ముందునుండియే బి.సి. బి లో ఉన్నారు. ఈ వర్గముల విద్యార్థి తన ర్యాంకుతో సాధారణ వరుసలోనే సీటు పొందినచో, ఆ సీటు సాధారణ సీటుగనే లెక్కింపబడును. రిజర్వేషను సీటు మరియొకరికి మిగులును. ధ్రువపత్రము చూపుట తక్కువతనమని కొందరు సంకోచించుచున్నారు. చట్టము ఇచ్చిన హక్కును కాగితము లేక పోగొట్టుకొనుటయే తక్కువతనము. రాష్ట్ర జాబితాలోని ప్రతి వర్గమును కేంద్ర జాబితాలో ఉండదు. కావున జె.ఇ.ఇ. దరఖాస్తు నింపునపుడు కేంద్ర జాబితాను విడిగా చూచుకొనవలెను. ధ్రువపత్రములను ఫలితములు వచ్చిన పిదప కాక, చలికాలముననే సంపాదించి యుంచుకొనుట మేలు.

6. ర్యాంకు వచ్చిన పిదప

ర్యాంకు మంచిదా, చెడ్డదా అను ప్రశ్న అసంపూర్ణమైన ప్రశ్న. "ఏ కళాశాలకు, ఏ శాఖకు, ఏ వరుసలో?" అని చేర్చినపుడే అది పూర్తియగును. గడచిన సంవత్సరము ఏ కళాశాలలో ఏ శాఖ ఏ ర్యాంకుతో ఆగినదో తెలుపు జాబితాలు అందుబాటులో ఉండును. అందులో మన వర్గము, మన స్థానికత, బాలురా బాలికలా అను మూడింటిని బట్టి మన గడిని వెదకి చూడవలెను. ఒక్క సంవత్సరముతో తృప్తిపడక రెండు మూడు సంవత్సరములవి చూచుట మంచిది. శాఖలకు గిరాకి ఏటేటా మారుచుండును. తిరుపతిలో 1959లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల, అనంతపురములో 1946 నాటి కళాశాల, మదనపల్లెలో 1998లో, కుప్పములో 2001లో ఏర్పడిన కళాశాలలు, వీటిలో ఒక్కొక్కదాని గడి ఒక్కొక్కచోట ఆగును.

ఆప్షన్లు పెట్టునపుడు "వచ్చునది" ముందు పెట్టుట కాదు, "కావలసినది" ముందు పెట్టవలెను. పైనున్నది రానిచో క్రిందిది చూతురు. పైన గొప్పదానిని కోరినందుకు క్రిందిది పోదు. కొద్ది ఆప్షన్లతో ఆగక, చేరుటకు ఇష్టమున్న కళాశాలలన్నింటిని వరుసగా వ్రాసికొని, ఇంటిలో పెద్దలతో చర్చించి, ఆ తరువాతనే కంప్యూటరు ముందు కూర్చుండవలెను. ఆ పని మరియొకరి చేతికి అప్పగించి సంతకము చేయుట తగదు.

వీధులలో కనబడు ప్రకటనలను గూర్చియు ఒక మాట. "100 పర్సెంటైలు" అని ఉన్నచో ఏ సబ్జెక్టులో, ఏ విడతలో అని అడుగవలెను. "5వ ర్యాంకు" అని ఉన్నచో సాధారణ ర్యాంకా, వర్గపు ర్యాంకా అని అడుగవలెను. పదిమంది ఫొటోలున్నచో మొత్తము ఎందరు చదివిరని అడుగవలెను. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసిన పిదపనే ఫీజు మాట ఎత్తవలెను. అప్పుచేసి కట్టు తండ్రికి ఈ ప్రశ్నలడుగు హక్కు కలదు.

కళాశాల కార్యవర్గమునకు మా మనవి యొకటి. ఏటా ఫలితములు వచ్చిన వారములో ఒక దినము, తల్లిదండ్రులను గూడ పిలిచి, ర్యాంకు కార్డును చదువు విధమును తెలుగులోను ఉర్దూలోను వివరించు ఏర్పాటు చేయవలెను. ధ్రువపత్రములకు, ఆప్షన్లకు సహాయము చేయు ఒక చిన్న కేంద్రమును కళాశాలలోనే నెలకొల్పవలెను. దీనికి పెద్ద వ్యయము లేదు. రెండు కంప్యూటర్లు, ఓపిక గల ఇద్దరు అధ్యాపకులు, గత సంవత్సరముల జాబితాలు ఉన్న చాలును. తల్లులు వచ్చి కూర్చుండు వీలున్నచో బాలికల చదువులు ఇంకను నిలుచును.

విద్యార్థులారా! మార్కు మీ శ్రమను చెప్పును. పర్సెంటైలు నూరుమందిలో మీ చోటును చెప్పును. ర్యాంకు మీ ముందున్నవారిని లెక్కించి చెప్పును. ఈ మూడింటిలో ఏదియు మీరు రేపు ఎటువంటి ఇంజనీరు కాగలరో చెప్పదు. చేతికి వచ్చిన సంఖ్యను సరిగా చదువుకొని, దానితో పొందగలిగినదానిని పూర్తిగా పొందుడు. ఈ వ్యాసము అందుకు కొంతయైనను తోడ్పడినచో మా శ్రమ సార్థకమైనట్లే తలంచుచున్నాము.